ముందు పాదం చూపించండి, ఫిల్ము తర్వాత

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 39. మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్లుగా చెన్నై వేళచ్చేరిలో వాటర్ క్యాన్ల వ్యాపారం చేసుకుంటున్నాను. ఇరవై లీటర్ల క్యాను భుజాన వేసుకుని మూడు, నాలుగు అంతస్తులు ఎక్కడమే నా పని. నాలుగు నెలల కిందట క్యాను ఎత్తుతుండగా నడుము పట్టేసింది. వారం తిరిగేసరికి నొప్పి కుడి పిరుదు నుంచి తొడ పక్కగా, పిక్క బయటి వైపు నుంచి పాదం మీదికి, బొటనవేలి దాకా దిగింది. దగ్గితే కరెంటు కొట్టినట్టు ఉంటుంది. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 డిస్కు బాగా బయటికి వచ్చిందని, ఎల్5-ఎస్1 కొంచెం ఉబ్బిందని, నరాల దారి తీవ్రంగా ఇరుకైందని రాశారు. ఒక ఆసుపత్రిలో రెండు చోట్లా ఆపరేషన్ చేసి స్క్రూలు వేయాలన్నారు. ఇంకో డాక్టరు గారు మూడు నెలలు ఆగి చూద్దామన్నారు. మా బావమరిది పుత్తూరు కట్టు కట్టిద్దాం రమ్మంటున్నాడు. వెన్నులో కత్తి పెడితే కాళ్లు పడిపోతాయని అమ్మ ఏడుస్తోంది. మందుల షాపులో నొప్పి బిళ్లలు తెచ్చుకుని నెట్టుకొస్తున్నాను. ఈ మధ్య నొప్పి కాస్త తగ్గినట్టే ఉంది గానీ కుడి కాలి చెప్పు తెలియకుండానే జారిపోతోంది. ఆపరేషన్ చేయించుకోవాలా, వద్దా? చేయించుకుంటే మళ్లీ క్యాన్లు మోయగలనా?
(పేరు వద్దన్నారు, వేళచ్చేరి, చెన్నై)

సమాధానం: ఉత్తరం అందిన రోజే మీకు ఫోను చేయించాను, వెంటనే డాక్టరుకు పాదం చూపించుకోమని. నాలుగు నెలల నుంచి ఉన్న నొప్పికి ఇప్పుడింత తొందర ఎందుకని మీ ఇంట్లో వాళ్లు అడిగారట. ముందు ఆ సంగతే చెబుతాను.

ఉత్తరమంతా మీరు నొప్పి గురించే రాశారు. చెప్పు సంగతి ఆఖర్న, ఏదో గుర్తొచ్చినట్టు రాసి వదిలేశారు. నా దృష్టిలో మీ ప్రశ్నకు జవాబు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. హవాయి చెప్పు కాలికి నిలవాలంటే అడుగు తీసినప్పుడల్లా పాదం ముందు భాగం పైకి లేవాలి, వేళ్లు చెప్పును పట్టి ఉంచాలి, అది కాలికి ఉందన్న స్పర్శ తెలియాలి. పాదాన్ని, బొటనవేలిని పైకి లేపే కండరాలను నడిపించేది ముఖ్యంగా ఎల్5 నరం, అంటే నడుములోని ఐదో పూస దగ్గర బయటికి వచ్చే నరం. నడుము నాలుగో, ఐదో పూసల మధ్య మెత్తలా ఉండే ఎల్4-ఎల్5 డిస్కు బయటికి తోసుకొస్తే మామూలుగా నలిగేది ఆ నరమే. పిక్క బయటి వైపు నుంచి పాదం మీదుగా బొటనవేలికి దిగే నొప్పి కూడా ఆ నరానిదే. అంటే మీ నొప్పి, మీ స్కాను, మీ చెప్పు మూడూ ఒకే చోటిని చూపిస్తున్నాయి.

నొప్పి తగ్గిందన్నారు. కాలి బలం బాగుండి నొప్పి తగ్గితే సంతోషమే. బలం తగ్గుతూ నొప్పి తగ్గుతుంటే మాత్రం దాన్ని నయమవుతున్న గుర్తుగా తీసుకోకండి. నలిగి నలిగి నరం పని మానేస్తున్నప్పుడు కూడా నొప్పి తగ్గుతుంది. ‘ఇప్పుడు చాలా నయం సార్’ అంటూ కాలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చిన వాళ్లను వార్డులో ఎంతమందిని చూశానో చెప్పలేను. వాళ్లకు సంతోషం, మాకు గుండెల్లో రాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. చెప్పులు విప్పి, గోడ పక్కన నిలబడి, మీ ఆవిడను దగ్గర ఉండమనండి. పాదాల ముందు భాగం పైకెత్తి, మడమల మీద పది అడుగులు నడవండి. ఎడమ పాదం లేచి ఉండి కుడి పాదం నేలకు కొట్టుకుంటుంటే బలం తగ్గినట్టే. తర్వాత మంచం మీద కాళ్లు చాపుకుని రెండు బొటనవేళ్లనూ మీ వైపు గట్టిగా లాగి పట్టండి. మీ ఆవిడ ఒక్కో వేలి మీద తన వేలితో కిందికి నొక్కాలి. ఆరోగ్యంగా ఉన్న బొటనవేలు అంత తేలిగ్గా లొంగదు. కుడి వేలు చటుక్కున వంగిపోయిందంటే అనుమానమే అక్కర్లేదు. చివరగా గోడ పట్టుకుని కుడి కాలి ఒక్కదాని మీదే మునివేళ్లపై లేవండి, పదిసార్లు. ఇది ఇంకో డిస్కు కింద, ఎల్5-ఎస్1 దగ్గరి నరానికి పరీక్ష. దీని అవసరం తర్వాత చెబుతాను.

ఇంకో మాట, మీకూ ఈ జబ్బుతో ఉన్న ప్రతి ఒక్కరికీ. మలద్వారం చుట్టూ, మర్మాంగాల దగ్గర, సైకిలు సీటు తగిలేంత మేర మొద్దుబారినా, మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పడుతున్నా, మలం ఆపుకోలేకపోయినా, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనమైనా ఇక సలహాలు అడుగుతూ కూర్చోకూడదు. అర్ధరాత్రి అయినా 108కి ఫోను చేసి న్యూరోసర్జరీ విభాగం ఉన్న ఆసుపత్రికి చేరాలి. మూత్రాశయానికి, మలద్వారానికి వెళ్లే నరాలు నలిగినప్పుడు గంటలే లెక్క. మొదటి 48 గంటల్లోపే ఆపరేషన్ జరగాలంటారు, ఎంత ముందైతే అంత మేలు. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టుకున్న మనిషికి ఆ తర్వాత జీవితాంతం మూత్రం గొట్టం తప్పకపోవచ్చు.

మీ చెప్పు విషయానికి వస్తే, డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ‘నా కుడి పాదం బలం, బొటనవేలి బలం ఐదుకు ఎంత?’ కండరాల బలాన్ని మేము సున్నా నుంచి ఐదు దాకా లెక్క వేస్తాం. ఐదంటే పూర్తి బలం. నాలుగంటే ఎదురు నొక్కితే కొంత ఆగి లొంగిపోతుంది. మూడంటే తన బరువు తాను ఎత్తగలదు, వేలు పెట్టి నొక్కితే నిలవదు. ఆ అంకెను తేదీ వేసి చీటీలో రాయించుకోండి. మూడు గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నా, లేక కిందటి వారానికీ ఈ వారానికీ పడిపోతున్నా, మీ స్థానంలో నా సొంత తమ్ముడున్నా ఆపరేషన్ చేయించుకోమనే చెబుతాను, అదీ నెలల్లో కాదు, రోజుల్లో. నాలుగు దగ్గర కదలకుండా ఉంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడానికి ఒకటి రెండు వారాలు వ్యవధి ఉంటుంది. అప్పుడు కూడా వారం వారం ఆ అంకె చూపించుకోవాలి. ఆపరేషన్‌తో పోయిన బలమంతా తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. చాలామందిలో నెలల మీద మెల్లగా పుంజుకుంటుంది. బలహీనత ఎంత ఎక్కువగా, ఎంత కాలంగా ఉంటే ఆ అవకాశం అంత తగ్గుతుంది. నా తొందరంతా అందుకే.

పాదం జారడానికి ప్రతిసారీ డిస్కే కారణం కానక్కర్లేదు. మోకాలి కింద బయటి వైపు ఎముక దగ్గర నరం నొక్కుకుపోయినా ఇలాగే అవుతుంది, గంటల తరబడి గొంతుకూర్చొని పనిచేసేవాళ్లలో అది చూస్తుంటాం. షుగరు కూడా నరాలను దెబ్బతీస్తుంది. అనుమానం ఉంటే నరాల పరీక్ష చేయిస్తారు, షుగరు ఎలాగూ చూస్తారు. వాటి కోసమని పాదం చూపించుకోవడం మాత్రం వాయిదా వేయకండి.

మూడు నెలలు ఆగుదామన్న డాక్టరు గారు తప్పు చెప్పలేదు. ఆయన చూసేనాటికి మీ చెప్పు జారుతోందా? ఆ సంగతి ఆయనకు చెప్పారా? చెప్పి ఉండరని నా అనుమానం. బలం తగ్గకుండా నొప్పి మాత్రమే ఉన్నవాళ్ల విషయంలో ఆగడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. నెదర్లాండ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన కాలి నొప్పితో ఉన్న 283 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు త్వరగా ఆపరేషన్ చేశారు, రెండో జట్టును మందులతో, వ్యాయామంతో ఆగమన్నారు. ఆపరేషన్ అయినవాళ్లు త్వరగా లేచి తిరిగారు. అయినా ఏడాది పూర్తయ్యేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆగిన జట్టులోనూ 39 శాతం మంది ఆ ఏడాదిలోపే ఆపరేషన్‌కు వెళ్లారనేది కూడా చూడాలి. పాదం ఎత్తలేనంత బలహీనత ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలో అసలు చేర్చుకోలేదు. కాబట్టి మీ బలం నిజంగా తగ్గి ఉంటే ఆ 95 శాతం లెక్క మీకు చెందదు.

పరీక్షలో బలం ఐదుకు ఐదు వచ్చిందనుకుందాం. అప్పుడు కూడా నాలుగు నెలలు గడిచాయన్నది లెక్కలోకి వస్తుంది. కెనడాలో నాలుగు నెలల నుంచి ఏడాది దాకా ఇలా బాధపడిన 128 మందిపై చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. మొదట్లో అందరి నొప్పీ పదికి ఎనిమిది దగ్గర ఉంది. ఆరు నెలల తర్వాత ఆపరేషన్‌కు కేటాయించినవాళ్లలో అది 2.8కి, మిగతావాళ్లలో 5.2కి తగ్గింది. కొత్తగా వచ్చిన నొప్పికి ఆగడం ఎక్కువ ఫలిస్తుంది, నెలల తరబడి పాతుకున్న నొప్పికి ఆపరేషన్ వైపు మొగ్గు కనబడుతుంది. బలం బాగుంటే నిర్ణయం పూర్తిగా మీదే. రోజులు ఎలా గడుస్తున్నాయి, ఇంకెన్నాళ్లు ఓర్చుకోగలరు, ఇల్లు ఎలా నడుస్తోంది అన్నవాటిని బట్టి మీరే తేల్చుకోవచ్చు. ఇటు మొగ్గినా అటు మొగ్గినా తప్పు లేదు. వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. పాదం బలహీనమైతే దానితో కాలక్షేపం చేయకూడదు.

రిపోర్టులో ‘తీవ్రంగా’ అన్న మాట చూసి మీరు హడలిపోయినట్టున్నారు. ఆ మాట ఒక్కటే చూసి ఆపరేషన్ నిర్ణయించకూడదు. డిస్కు బాగా బయటికి వచ్చినప్పుడే ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని పరాయి పదార్థంగా చూసి కరిగించేసే అవకాశం ఎక్కువ. కొద్దిగా ఉబ్బిన డిస్కులు వందలో 13 మాత్రమే వాటంతట అవి తగ్గాయని, పొర చీల్చుకుని బయటికి వచ్చినవి 70 దాకా తగ్గాయని 2015లో వచ్చిన ఒక సమీక్షలో తేలింది. అదే ఏడాది వచ్చిన మరో సమీక్ష ఇంకో విషయం చెప్పింది. నడుము నొప్పి అంటే తెలియని నలభై ఏళ్ల వాళ్లకు స్కాను తీస్తే సగం మందిలో ఏదో ఒక డిస్కు ఉబ్బే ఉంటుంది.

మీ ఎల్5-ఎస్1 గురించి ఆలోచించాల్సింది ఇక్కడే. మీరు రాసిన నొప్పి దారిలో ఆ నరం పాత్ర నాకు కనబడలేదు. అక్కడి నరం నలిగితే నొప్పి పిక్క వెనక నుంచి అరికాలికి, చిటికెన వేలి వైపుకు వెళుతుంది, మునివేళ్ల మీద లేవడం కష్టమవుతుంది. మునివేళ్ల పరీక్ష మీరు సులువుగా చేయగలిగితే, డాక్టరు మడమ వెనక చిన్న సుత్తితో తట్టినప్పుడు పాదం మామూలుగా కదిలితే, ఆ రెండో డిస్కు చాలాకాలంగా అలా ఉబ్బి, ఎవరికీ ఏ హానీ చేయకుండా పడి ఉందనుకోవచ్చు. ఫిల్ములో కనబడింది కదా అని దాన్ని కూడా కోయాల్సిన పని లేదు.

స్క్రూల మాట నన్ను మరీ కలవరపెట్టింది. మొదటిసారి జారిన డిస్కుకు మామూలుగా చేసేది మైక్రోడిస్కెక్టమీ. రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ, నరాన్ని పక్కకు తప్పించి, దాన్ని నొక్కుతున్న ముక్కను మాత్రమే తీస్తారు. మిగతా డిస్కును అక్కడే ఉంచుతారు. ఇప్పుడు సన్నని గొట్టంలోంచి ఎండోస్కోపుతో కూడా చేస్తున్నారు. ఏ పద్ధతి అయినా సరే, ఆ సర్జనుకు అలవాటున్నదే మేలు. స్క్రూలు, రాడ్లు వేసి ఎముకలను కలిపేయడం వేరే అవసరం. ఒక పూస ఇంకో పూస మీద జారుతుంటేనో, అదే డిస్కు మళ్లీ మళ్లీ జారుతుంటేనో, నరానికి చోటు చేయడానికి ఎముక చాలా తీయాల్సి వస్తేనో అది కావాలి. మీ నడుము నిలకడగా ఉందో లేదో తెలుసుకోవడానికి ముందుకు వంగి ఒకటి, వెనక్కి వాలి ఒకటి ఎక్స్‌రేలు తీస్తారు, వాటికి ఖర్చు ఎక్కువ కాదు. అవి తీయించారా? ‘స్క్రూలు నాకు ఎందుకు కావాలి, వేయకపోతే ఏమవుతుంది?’ అని ఆ సర్జనునే మర్యాదగా అడగండి. నిజంగా కారణం ఉంటే ఆయన ఫిల్ము పెట్టి చూపిస్తారు. చూపించకుండా విసుక్కుంటే, మరో సర్జను దగ్గరికి వెళ్లడానికి ఆ విసుగే చాలు. వయసు 39, బరువులెత్తే బతుకు. అవసరం లేకుండా రెండు కీళ్లు బిగించేస్తే ఆ భారం పైనున్న డిస్కుల మీద పడుతుంది.

ఇక అమ్మగారి భయం. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి, కొడుకు కాళ్లు పోతాయేమోనన్న భయం అది. పక్కన కూర్చుని ఈ సంగతి చెప్పండి. మెదడు నుంచి దిగే వెన్నుపాము నడుములో ఎల్1-ఎల్2 పూసల దగ్గరే ముగిసిపోతుంది. మీ ఆపరేషన్ దానికి రెండు మూడు పూసల కింద. అక్కడ ఉండేవి విడివిడి నరాల పోగులు. వెన్నుపాము తెగితే రెండు కాళ్లూ పడిపోతాయని ఆవిడ విన్న మాట నిజమే, కానీ మీకు కోత పెట్టే చోట వెన్నుపాము లేదు. అసలు ప్రమాదాలు వేరు. నరాల చుట్టూ ఉన్న పొర చిల్లి పడి నీరు కారడం వందలో కొద్దిమందికి జరుగుతుంది, అప్పటికప్పుడే సరిచేస్తారు. చీము పట్టడం వందలో ఒకరిద్దరికి. అదే డిస్కు మళ్లీ జారడం వందలో అయిదుగురి నుంచి పదిహేను మంది దాకా. నరానికే దెబ్బ తగలడం అరుదు, అసలే ఉండదని చెప్పను. ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. ఈ ఆపరేషన్ కాలి నొప్పికి బాగా పనిచేస్తుంది, నడుము నొప్పికి అంతగా కాదు. నడుములో కొంత నొప్పి మిగిలిపోతే ఆపరేషన్ పాడైందని అనుకోవద్దు. జారిన డిస్కు వల్లే ఈ నొప్పి వస్తుందని బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ 1934లోనే రాశారు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ బి. రామమూర్తి 1950లో న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. ఇది మన ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన విద్య అని అమ్మగారికి చెప్పండి.

పుత్తూరు కట్టు మీద మీ బావమరిదికున్న నమ్మకాన్ని నేను తప్పుపట్టను. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు పెట్టి కట్టే ఆ కట్టు విరిగిన ఎముక కదలకుండా ఉంచడానికి పుట్టింది. మీకు ఎముక విరగలేదు. నడుము చుట్టూ ఎంత గట్టిగా కట్టినా, అంగుళాల లోతున నరాన్ని నొక్కుతున్న ముక్క కదలదు. అంతకంటే నా భయం, కట్టుకు ముందో తర్వాతో ఎవరైనా నడుము తొక్కడం, మెలితిప్పి ‘టక్’మనిపించడం. పాదం బలహీనపడిన మనిషికి అది చేయనివ్వకండి. నగరి మీదుగా అంతసేపు కుదుపుల్లో కూర్చుని వెళ్లే ఓపిక ఉంటే, ఆ ఓపికతో న్యూరోసర్జను దగ్గరికి వెళ్లండి.

నొప్పి బిళ్లలు షాపు నుంచి తెచ్చుకుని నెలలుగా వేసుకుంటున్నారు కదా, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్‌ను రక్తంలో చూపించుకోండి. ఈ రకం బిళ్లలు చాలావరకు కిడ్నీలను, కడుపును దెబ్బతీస్తాయి. మలం నల్లగా వస్తే వెంటనే చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు ఏ బిళ్ల, ఎన్ని రోజులుగా అన్నది మత్తు డాక్టరుకు దాచకండి. బీడీ, సిగరెట్టు అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. మంచానికి అతుక్కుపోవడం వల్ల మేలేమీ లేదు, నొప్పి అనుమతించినంత మేరకు ఇంట్లో నడవండి.

డబ్బు సంగతి మీరు రాయలేదు, కానీ అది మీ నిద్ర చెడగొడుతూనే ఉంటుంది. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, పాత వాషర్‌మన్‌పేట వైపు స్టాన్లీ ఆసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. ఓపీలో రద్దీ ఉంటుంది, ఉదయాన్నే వెళ్లండి. చీటీ రాసేవాళ్లతో ‘కాలు బలం తగ్గుతోంది’ అని మొదటి మాటగా చెప్పండి, నొప్పి అని మొదలుపెట్టకండి. తమిళనాడు రేషన్ కార్డు ఉంటే ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా గురించి అక్కడి బీమా కౌంటర్లో అడగండి. కార్డు ఇంకా నెల్లూరుదే అయితే, ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం జాబితాలో చెన్నై ఆసుపత్రులు ఏవి ఉన్నాయో మీ ఊరి సచివాలయంలో కనుక్కోమని ఇంట్లోవాళ్లకు ఫోను చేయండి. ఈ పనులన్నీ పాదం చూపించుకున్న తర్వాత. ముందు కాదు.

మళ్లీ క్యాన్లు మోయగలనా అని అడిగారు. మైక్రోడిస్కెక్టమీ అయితే అదే రోజో మర్నాడో నడిపిస్తారు, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు, కుట్లు రెండు వారాల్లోపు తీస్తారు. మూడు నాలుగు వారాలకు కూర్చుని లెక్కలు చూసుకోవచ్చు, ఆర్డర్ల ఫోన్లు తీయవచ్చు. మొదటి ఆరు వారాలు నిండు క్యాను ముట్టుకోకూడదు. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు నడుము, పొట్ట కండరాలు గట్టిపరచుకుంటూ మూడు నెలలకు మెల్లగా బరువులు మొదలుపెట్టవచ్చు. అయితే ఇరవై కిలోలు ఒక్క భుజాన వేసుకుని, ఒంటి పక్కకు ఒరిగి నాలుగంతస్తులు ఎక్కే పనికి మిమ్మల్ని తిరిగి పంపడం నాకు ఇష్టం లేదు. వ్యాపారం మానమనడం లేదు, మోసే పద్ధతి మార్చుకోమంటున్నాను. లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్లకు ట్రాలీ మీద వెళ్లండి. లిఫ్టు లేని పై అంతస్తులకు ఒక కుర్రాణ్ణి పెట్టుకోండి, ఆ ఇళ్లకు క్యానుకు కొద్దిగా ఎక్కువ తీసుకోండి. మీ కష్టం చూసినవాళ్లు కాదనరు. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యే ముందే ఆ కుర్రాణ్ణి చూసి, మీ ఇళ్లన్నీ ఒకసారి తిప్పి చూపించండి. మీరు క్యాను ముట్టుకోని ఆ ఆరు వారాలూ నీళ్లు సమయానికి చేరుతుంటే, ఖాతాదారులు పోతారన్న ఆదుర్దాతో మూడో వారంలోనే లేచి క్యాను ఎత్తాల్సిన అవసరం మీకు రాదు.